శాంపిళ్ళ ఫ్రిజ్‌లో కేకు డబ్బా

"మేడం, ఈ కవరు ఫ్రిజ్‌లోంచి తీసి బయట ఎవరు పెట్టారు?"

ల్యాబ్ గుమ్మంలో నిలబడి అడిగాడు మా టెక్నీషియన్. అతని చేతిలో పాలిథిన్ కవరు వేలాడుతోంది. లోపలి రొయ్యలు మెత్తబడి, ఎర్రటి నీళ్ళు అడుగున చేరాయి. మధ్యాహ్నం మూడైంది. పొద్దున ఎనిమిదిన్నరకి ఆ కవరును తీసి బల్ల మీద గ్లౌజుల పెట్టె వెనక పెట్టింది నేనే. వేరే అర చూసి మళ్ళీ లోపల పెడదామనుకున్నాను. ఈలోగా ఫోన్ మోగింది, మరిచిపోయాను.

"ఏమోనండీ, నేను చూడలేదు" అన్నాను.

ఆకివీడులో రోడ్డు మీదే మా ల్యాబ్. కొల్లేరు చుట్టుపక్కల రైతులు తమ చెరువుల నీళ్ళు, రొయ్యలు తెచ్చి ఇస్తే పరీక్ష చేసి రిపోర్టు ఇస్తాం. పరీక్షలు టెక్నీషియన్‌వి. రిజిస్టరు, రిపోర్టులు, స్టాఫు సంగతులు నావి. డిగ్రీ కాగానే పెళ్ళి, ఇద్దరు పిల్లలు, ఆరేళ్ళు ఇంట్లోనే. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం ఇది. ఎక్కడ పోతుందోనని రోజూ భయమే. పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే చెయ్యి వేసి చూసిన మరుక్షణం గడియారం చూసేదాన్ని.

అందరికీ కలిపి ఫ్రిజ్ ఒక్కటే. శాంపిళ్ళ కోసం కొన్నదే అయినా, ఎండలు ముదిరేసరికి అందులో మంచినీళ్ళ సీసాలు, పెరుగు గిన్నెలు, ఒకసారి ఎవరో మామిడికాయ ముక్కలు కూడా చేరాయి. ఒక రైతు తన శాంపిల్ పక్కన మజ్జిగ సీసా చూసి, "ఏవండీ, నా రొయ్యలకి మజ్జిగ పట్టిస్తున్నారా?" అన్నాడు. అందరం నవ్వాం. ల్యాబ్ యజమాని, మా సారు మాత్రం నవ్వలేదు. నన్ను గదిలోకి పిలిచి, ఆ ఫ్రిజ్ సంగతి మీరే చూడండి అన్నారు.

చూశాను. 'ఈ ఫ్రిజ్‌లో సొంత వస్తువులు పెట్టరాదు' అని కంప్యూటర్లో పెద్ద అక్షరాలతో కొట్టి తలుపుకి అంటించాను. అందర్నీ నిలబెట్టి అయిదు నిమిషాలు మాట్లాడాను. టెక్నీషియన్ తన నీళ్ళ సీసా తీసేశాడు. చివరికి మిగిలింది మా ఆయమ్మ పెట్టుకున్న చిన్న అట్టపెట్టె. ల్యాబ్ తుడిచి, గాజు సామాను కడిగే మనిషి ఆవిడ. కొల్లేటి లంక ఊరి నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. ఆ పెట్టెలో వాళ్ళమ్మకి రోజూ చేసుకోవలసిన ఇన్సులిన్ సీసాలున్నాయి.

"ఇంట్లో ఫ్రిజ్ లేదండి మేడంగారూ. ఇక్కడుంచుకుని ఒక్కో సీసా పట్టుకెళ్తానండి. గుడ్డలో చుట్టి ఓ మూల పెడతాను, ఎవరికీ అడ్డం రాదు."

"మీకొక్కరికి ఒప్పుకుంటే అందరూ అడుగుతారు ఆయమ్మా. దయచేసి తీసెయ్యండి."

నేను ఎవరినీ నువ్వు అనను. ఆ మర్యాద గురించి నాకు లోలోపల గర్వం కూడా ఉండేది.

ఆవిడ పెట్టె చంకన పెట్టుకుంది. "అయితే రొయ్యకున్న చలవ మా అమ్మకి లేదన్నమాట" అంది, ఫ్రిజ్ తలుపు వైపు చూస్తూ. తర్వాత తెలిసింది, చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన కుండలో ఆ సీసాలు దాస్తోందని.

అది జరిగిన రెండు వారాలకి మా పాప పుట్టినరోజు. అయిదేళ్ళు నిండాయి. ఆ రోజు లైను పనుల కోసం మా వీధిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదన్నారు. కేకు అప్పటికే బేకరీలో తీసుకున్నాను. తెల్ల క్రీము మీద గులాబీ రంగు సీతాకోకచిలుక. ఇంట్లో ఉంచితే సాయంత్రానికి కరిగి నీరవుతుంది. ల్యాబ్‌లో జనరేటరు ఉంది.

సిగ్గుపడవలసిన సంగతి ఇక్కడే మొదలవుతుంది. కేకు డబ్బాను అలాగే పట్టుకెళ్ళలేదు. ల్యాబ్ మందులు వచ్చిన ఖాళీ అట్టపెట్టె ఒకటి ముందురోజే ఇంటికి తెచ్చుకుని, డబ్బాను అందులో పెట్టి మూత టేపుతో అంటించాను. చేస్తున్నది తప్పని తెలియని మనిషి టేపు వెయ్యదు కదా. ఫ్రిజ్ అరలో అది పట్టక, అడ్డొచ్చిన కవరు బయటకు తీశాను. ఆ సమయానికి ల్యాబ్‌లో నేను కాక ఆయమ్మ ఒక్కతే ఉంది. నా రెండు చేతులూ ఖాళీ లేకపోతే వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. పాప పుట్టినరోజని ఆవిడకి ముందే తెలుసు. "పాపకాండి?" అంది. తలూపాను. తలుపు మీద నేను అంటించిన కాగితం సరిగ్గా ఆవిడ చేతి కింద ఉంది.

మూడింటికి టెక్నీషియన్ సారు దగ్గరికి వెళ్ళాడు. "ఆయమ్మ మళ్ళీ మందు సీసాలు పెట్టుకోవడానికి జాగా చేసినట్టుంది సార్" అన్నాడు. అతనిలో కక్షేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

సారు ఆవిణ్ణి పిలిచారు. "ఏవమ్మా, నువ్వేనా తీసింది?"

"నేను తియ్యలేదండి."

"మరి అదే నడిచొచ్చి బల్లెక్కిందా?"

ఆయమ్మ నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. ఎదురుచూసే చూపు. సారు కూడా నా వైపు తిరిగి, "ఈ ఫ్రిజ్ విషయం మీరు ముందే చెప్పారు కదండీ ఈవిడకి?" అన్నారు.

"చెప్పానండి" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. ఇప్పుడు తలుచుకుంటే, ముందు ఆడిన అబద్ధం కంటే ఆ నిజమే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నాలుగింటికి ఆ శాంపిల్ తెచ్చిన రైతు రిపోర్టు కోసం వచ్చాడు. చెరువులో రెండు రోజులుగా రొయ్యలు గట్టు వారకి వచ్చేస్తున్నాయట. ఉన్నవి పట్టేసి అమ్మేయాలో మందు వెయ్యాలో తేల్చుకోవడానికి మా కాగితం కోసం చూస్తున్నాడు. సంగతి విని అరవలేదు. "మళ్ళీ వల వేసి తెస్తానండి, ఏం చేస్తాం" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. సారుకి మరీ కోపం వచ్చింది. "ఆవిణ్ణి రేపటి నుంచి రావద్దనండి. మీరే చెప్పేయండి" అన్నారు నాతో.

వెనక పంపు దగ్గర ఆవిడ మాపు పిండుతోంది. చెప్పాను. ఎంత మెత్తగా చెప్పానో తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది.

"మీరు సారుకి చెప్పలేదేం, నేనే తీశానని?" అని అడిగాను చివరికి.

"నేను చెబితే నమ్ముతారేంటండీ? మీరు చెబితే నమ్ముతారు." మాపు గోడకి ఆనించింది. "మీరు చెప్పలేదుగా."

సాయంత్రం కరెంటు వచ్చింది. పక్కింటి పిల్లలు వచ్చారు. కేకు ఒక్క చుక్క కూడా కరగలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని పాప, "అమ్మా, రొయ్యల వాసనొస్తోంది" అంది. తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన, "ఆకివీడు కేకు మరెలా ఉంటుందమ్మా!" అన్నారు. అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. పళ్ళేలు కడుగుతూ ఆయనకి చెప్పాను. ఆయన, "సద్దుమణిగిపోయింది కదా, ఇప్పుడు నువ్వెళ్ళి చెబితే నీ ఉద్యోగం కూడా పోతుంది" అన్నారు. నిజమే. నాకున్న భయమూ అదే. కానీ తడి ఇసుక కుండ కళ్ళ ముందు నుంచి పోలేదు.

పొద్దున పిల్లలు లేవకముందే సారుకి ఫోన్ చేశాను. కవరు తీసింది నేనేనని, ఫ్రిజ్‌లో పెట్టింది మా పాప కేకు అని, ఆయమ్మ చూసి కూడా నా పేరు చెప్పలేదని వరసగా చెప్పేశాను. "ఆవిణ్ణి రమ్మనండి. మీ సంగతి వచ్చాక మాట్లాడదాం" అని పెట్టేశారు. ఆయమ్మకి ఫోన్ లేదు. వాళ్ళ ఊరు వెళ్ళే పిలవాలి.

పాలు తాగుతున్న పిల్లల ముందు పీట వేసుకుని కూర్చున్నాను. "ఇవాళ మిమ్మల్ని నాన్న బడి దగ్గర దింపుతారు" అన్నాను. "నిన్న మన కేకు కోసం ఆఫీసులో నేనొక తప్పు చేశాను. అడిగితే చెయ్యలేదన్నాను. నా బదులు వేరే ఆవిడ పని పోయింది. వాళ్ళింటికి వెళ్ళి, తప్పు నాదని చెప్పి, మళ్ళీ రమ్మని పిలవాలి."

"సారు నిన్ను తిడతారా?" అన్నాడు మా పెద్దాడు. వాడికి ఎనిమిదేళ్ళు.

"తిడతారు. పనిలోంచి తీసెయ్యొచ్చు కూడా. భయంగానే ఉంది."

పాప గ్లాసు కింద పెట్టింది. "కేకు మిగిలింది కదమ్మా, ఆవిడకి పట్టుకెళ్ళు."

"కేకు వద్దమ్మా" అన్నాను. "కేకు పట్టుకెళ్తే ఆవిడ నన్ను తిట్టాలనుకున్నా మొహమాటపడుతుంది. ఒట్టి చేతులతో వెళ్తాను."