రెండు పొరల బొచ్చు

మా ఆయన పోయాక నా మీద పడ్డ పనుల్లో నన్ను అన్నిటికంటే విసిగించింది కుక్కను దువ్వడం. బ్యాంకు చుట్టూ తిరగడం, ఆయన చొక్కాలు ఎవరికివ్వాలో తేల్చడం, పలకరించడానికి వచ్చినవాళ్లకు టీ పెట్టడం, ఇవన్నీ ఎప్పటికో ఒకప్పటికి అయిపోయాయి. దువ్వడం అయిపోదు.

కుక్క ఆయనది. విశాఖపట్నంలో ఎవరో ఇల్లు మారుతూ వదిలించుకున్న తెల్ల పొమేరియన్. నన్ను ఒక్క మాట అడగకుండా బుట్టలో పెట్టుకుని ఘాట్ రోడ్డు బస్సులో అరకు తెచ్చేశారు. పేరు కూడా ఆయనే పెట్టారు. ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు. ఏయ్ అంటే వస్తుంది, చాలు. రోజూ సాయంత్రం ఆయన వరండాలో పీట వేసుకుని, రేడియోలో వార్తలు వింటూ దాన్ని దువ్వేవారు. బొచ్చు వంటింట్లోకి వస్తోందని నేను లోపలి నుంచి అనేదాన్ని. "తలుపేసుకో" అనేవారు. వేసుకునేదాన్ని.

వానాకాలం నడుస్తుండగా ఆయన పోయారు. ఆ తరువాత కుక్కకు వేళకు అన్నం పెట్టాను, అంతవరకే. అది పెరటి వెనక గడ్డిలో తిరిగి ఒళ్లంతా ఉత్తరేణి గింజలు తగిలించుకుని వచ్చేది. తడిసేది. ఆ నెలల్లో ఇక్కడ తువ్వాలే ఆరదు, అంత బొచ్చు ఎలా ఆరుతుంది. పైకి మాత్రం గుండ్రంగా, బాగానే కనిపించేది. చలికాలం మొదట్లో ఒకరోజు ముందుకాలు కుంటుతోందని ముల్లు కోసం వెతికాను. ముల్లు లేదు. చంకలో బొచ్చు నిమ్మకాయంత ఉండ కట్టి, అడుగు వేసినప్పుడల్లా చర్మాన్ని పట్టి లాగుతోంది. దాని చుట్టూ ఎర్రగా కమిలి, వాసన వేస్తోంది. చెవుల వెనక, మెడ కింద, తొడల వెనక తడిమితే అలాంటివే ఇంకా ఉన్నాయి.

చిక్కు అనగానే నా చేతులకు తెలిసిన వైద్యం ఒక్కటే. మా ఇళ్లలో జడ చిక్కుపడితే నూనె పట్టించి, కుంకుడుకాయలతో తలంటు పోసి, ఆ తరువాత దువ్వుతారు. కుక్కకూ అదే చేశాను. ఆదివారం మంచు విడిచి ఎండ వచ్చేదాకా ఆగి, గడ్డకట్టిన కొబ్బరినూనెను పొయ్యి పక్కన పెట్టి కరిగించి, ఒళ్లంతా పట్టించాను. కుంకుళ్లు కొట్టి నానబెట్టి, నీళ్లు కాచి, నురగ వచ్చేదాకా రుద్దాను.

మా పక్క ఖాళీ స్థలంలో కాఫీ గింజలు ఆరబోసుకునే ఆవిడ గోడ మీంచి చూసింది. ఆవిడ కొండమీది ఊరి రైతు. కాఫీ కోతల రోజుల్లో ఇక్కడ ఎండ బాగా పడుతుందని టార్పాలిన్ పట్టాలు తెచ్చి పరుస్తుంది. వెంట ఎప్పుడూ గోధుమరంగు ఊరకుక్క ఒకటి ఉంటుంది.

"ఏటి టీచరమ్మా, పెళ్లికూతుర్ని సేత్తన్నావా?"

"చిక్కు పోవాలి."

"మా దానికి వానే స్నానం. ఎండే తువ్వాలు."

"మీ దానికి బొచ్చెక్కడుంది?"

"అదే సెప్తన్నాను. బొచ్చు లేనిదాన్ని పెంచుకోవాల."

స్నానం కాగానే కుక్క ఒక్క విదిలింపు విదిలించి, గోడ సందులోంచి దూరి, ఆవిడ పట్టాల మీద పొర్లింది. నూనె పూర్తిగా వదల్లేదు కాబట్టి కాఫీ పొట్టు ఒళ్లంతా అంటుకుంది. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పట్టింది. సాయంత్రానికి బొచ్చు ఆరింది. ఉండలు కంబళి ముక్కల్లా బిగిసిపోయాయి. పొద్దున వేలు దూరిన చోట ఇప్పుడు దువ్వెన పన్ను దూరడం లేదు. కుక్క బొచ్చు చిక్కును ముందు పొడిగానే విడదీయాలని, స్నానం ఆ తరువాతేనని, తడిసి ఆరిన ప్రతిసారీ చిక్కు ఇంకా బిగుస్తుందని ఆ రాత్రి చదివాను. ముందు చదివి తరువాత నీళ్లు కాచాల్సింది.

మర్నాడు ఎదురింటాయన ట్రిమ్మరు పట్టుకుని వచ్చాడు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ టూరిస్టులకు గదులు, హోటలు నడుపుతున్నాడు. అతనికో షిట్జు జాతి కుక్క ఉంది.

"కుంకుడుకాయల సంగతి ఊరంతా తెలిసిందక్కా. ఇలా ఇచ్చీండి. అరగంటలో నున్నగా లాగించేత్తాను."

"వద్దు తమ్ముడూ."

"సింహాచలం మొక్కుందనుకోండి. గుండు సేయించేద్దాం. మా దానికి యాడాదికి రెండుసార్లు కొట్టేత్తన్నానా, బేగి వచ్చేత్తాదా లేదా?"

"మీ దాని బొచ్చు వేరు, దీనిది వేరు."

"బొచ్చు బొచ్చే కదక్కా."

అతనికి చెప్పడానికి ప్రయత్నించాను. ఊరకుక్కది పొట్టి బొచ్చు, ఒంటికి అతుక్కుని ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, రబ్బరు తొడుగుతో నిమిరితే రాలేది రాలిపోతుంది. షిట్జుది మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది, దాన్ని కత్తిరించకపోతేనే కష్టం. గరుకు బొచ్చు ఉన్న కొన్ని జాతులకు ముదిరిన వెంట్రుకలను వేళ్లతో పీకుతారట. అలాంటి కుక్క అరకులో నాకు కనపడలేదు, అంతవరకు నయం. మా దానికి రెండు పొరలు. లోపల దూది లాంటిది, పైన పొడుగాటి గట్టి వెంట్రుక. లోపలిది చలికి అడ్డం, పైది వానకు అడ్డం. మొత్తం గొరిగితే లోపలిది ముందు వచ్చేసి, పైది ఒక్కోసారి సరిగా రాదు. అక్కడక్కడా బోడిగా ఉండిపోతుంది.

ఓపిగ్గా అంతా విని, ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు.

నిజానికి అతని మాటలో న్యాయం లేకపోలేదు. పుండుకు గాలి తగలాలి. పైగా నేను వద్దన్నది చలికాలమని మాత్రమే అంటే అది అబద్ధం. ఆ బొచ్చు మా ఆయన చేతుల్లో తయారైంది. ఆ మాటా పూర్తిగా నిలవదని నాకు తెలుసు. ఇలాంటి కుక్కలు ఏడాదికి రెండుసార్లు లోపలి పొర విడిచేస్తాయి. పైదీ మెల్లగా మారిపోతుంది. ఆయన దువ్విన బొచ్చులో చాలాభాగం ఈసరికే గడ్డిలోనో చెత్తబుట్టలోనో కలిసి ఉంటుంది. ఇంకో వేసవి గడిస్తే ఆ మిగిలిందీ ఉండదు. ఇంత తెలిసినా, ట్రిమ్మరు మోత మొదలవగానే కుక్కను ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. పుండు వారంలోపు మానకపోతే నేనే దాన్ని అతని దగ్గరకు తెస్తానని లోపలి నుంచి చెప్పాను.

"మీ ఇట్టం. ఎలకలు కొరికేసినట్టుంటాది, సూసుకోండి" అన్నాడు బయటి నుంచి.

మా ఆయన దువ్వే సామాను ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంది. స్టీలు దువ్వెన, తీగల బ్రష్షు, మొన గుండ్రంగా ఉన్న కత్తెర. బడి నుంచి రాగానే ఆయన పీట మీద కూర్చునేదాన్ని. చంకలోని ఉండతో మొదలుపెట్టాను. చర్మానికీ ఉండకూ మధ్య దువ్వెన దూర్చి, దాని మీదుగా కత్తిరించాలి. అప్పుడు కత్తెర చర్మానికి తగలదు. అది ఊడి వచ్చేసరికి నా నడుము పట్టేసింది. తక్కినవాటిలో నూనె జిడ్డు వదలడం లేదు. మొక్కజొన్న పిండి చల్లితే జిడ్డు లాగుతుందని చదివి, ఎదురు హోటలుకే వెళ్లి కార్న్‌ఫ్లోర్ అడిగాను.

"మంచూరియా సేత్తన్నారా?"

"కుక్కకి."

"కుక్క మంచూరియానా అక్కా?" అని వంటగది వైపు తిరిగి గట్టిగా అన్నాడు. అక్కడ నవ్వులు. పొట్లం మాత్రం ఇచ్చాడు.

పిండి చల్లి, ఉండను పొడుగునా కత్తెరతో చీల్చి, వేళ్లతో పాయలు తీసి, కుదురు దగ్గర పట్టుకుని కొసల నుంచి దువ్వుకుంటూ రావాలి. కుదురు పట్టుకోకపోతే దానికి నొప్పి, నా మణికట్టుకు పళ్లు. గట్టిగా కరవదు. పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ, వదలకుండా ఉంటుంది. ఒక పక్క అయ్యేసరికి గడ్డిలోకి పోయి మళ్లీ గింజలు తెచ్చుకునేది. తొడల వెనకవి ఎంతకీ విడలేదు, కత్తిరించేశాను. ఒక చెవి వెనక కూడా. వీపు, మెడ దక్కాయి. అక్కడ బొచ్చును పాయలుగా విడదీసి చర్మం కనిపించేదాకా దువ్వడం వచ్చింది. వారం తిరిగేలోపు పుండు ఎండింది, కుంటడం మానింది. ఎదురింటాయన వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "సెప్పాను కదా, ఎలకలే" అన్నాడు. ట్రిమ్మరు తేలేదు.

తోక మిగిలింది. తోక మీద చెయ్యి వేస్తే చాలు, దాని మీదే కూర్చుంటుంది. ఎత్తి నిలబెడితే మళ్లీ కూర్చుంటుంది. బిస్కెట్టు చూపిస్తే కూర్చునే తింటుంది. మా ఆయనకు తోక ఎలా ఇచ్చేదో నాకు తెలియదు. తలుపు ఇవతలికి నాకు వార్తలే వినిపించేవి. ఇవాళ రేడియో కూడా పెట్టి చూశాను. వార్తలన్నీ చదివారు, వాతావరణం కూడా అయిపోయింది, కుక్క కదల్లేదు. విసుగొచ్చి, దువ్వెన పడేసి, దాన్ని పేరు పెట్టి పిలిచాను.

లేచింది. నా వైపు చూడలేదు, గేటు వైపు చూసింది. అలా చూస్తూ నిలబడ్డ కాసేపట్లో తోక సగం దువ్వగలిగాను. తక్కిన సగానికి రేపు మళ్లీ పిలవాలి.