తడిస్తే బిగిసే ముడి

మా తాత కనకరాజు డ్యూటీలో ఉన్నాడో లేడో కనుక్కోకుండా సైబీరియాలో ఒక్క పక్షి కూడా రెక్క విప్పదు. మండవల్లి దగ్గర చేపల చెరువుకి ముప్పై ఏళ్లుగా ఆయనే కాపలా. పని ఒక్కటే, చేపల మీద వాలే పిట్టల్ని తోలడం. చేతిలో రేకు డబ్బా, జేబులో టపాకాయలు, పక్కన కుక్క. దాని పేరు కానిస్టేబుల్.

ఇంత పేరున్న మనిషి ఒక వేసవిలో శత్రువుని తెచ్చి పెట్టుకున్నాడు. చెరువు మీద అడ్డంగా కట్టిన నైలాన్ దారాల్లో ఇరుక్కుని ఒక గూడబాతు రెక్క చీరుకుపోయింది. మెడ విరిచేద్దామని వెళ్లినవాడు దాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు. ముక్కు కింద సంచి వేలాడుతుంది కాబట్టి సంచమ్మ అని పేరు పెట్టాడు. ఎగరలేదు గానీ ఈదుతుంది, తింటుంది. చెరువు ఆసామి బండి చప్పుడైతే మేత బస్తాల పాకలో దాచేవాడు. లోకంలోని పిట్టలన్నిటి మీదా మొరిగే కానిస్టేబుల్, సంచమ్మ ఎదురైతే మాత్రం లంచం తిన్నట్టు మొహం పక్కకి తిప్పుకునేది.

సెప్టెంబరులో ఎగువ నుంచి వరద దిగింది. కొల్లేరు పొంగి గట్లు మునగసాగాయి. ఆఖరి పడవలో మా మామ్మ మణెమ్మతో పాటు ఇంకో పదిమంది ఎక్కారు. కుక్క దూకితే పడవ తిరగబడుతుంది. "సాయంత్రానికల్లా వచ్చేస్తాన్రా" అని చెప్పి తాత కానిస్టేబుల్‌ని పాక గుంజకి కట్టేశాడు. ఆయన చేతికి వచ్చిన ముడి ఒక్కటే, వలలకి వేసేది. తడిసేకొద్దీ బిగుస్తుంది. ఇక కత్తి పెట్టి కొయ్యాల్సిందే.

హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లం దారం విప్పుతుంటే, తాతకి తన చేతులు వేసిన ముడి ఎలాంటిదో గుర్తొచ్చింది. పొట్లం అలాగే వదిలేశాడు.

"ఏవండీ, రెండు మెతుకులు తినండి."

"నా నడుం దాకా నీళ్లొస్తే దానికి ఎందాకా వస్తాయే?"

 రెండు రోజులు తాత కనబడిన పడవవాడినల్లా బతిమాలాడు. "మనుషుల్ని తేవడానికే పడవలు చాలట్లేదు బాబాయ్, కుక్క కోసం ఎలా వెళ్తామండీ?" అని ఒకడు నవ్వాడు. స్కూలు ఆవరణలో కాకులు వాలి పొట్లాలు ఎత్తుకుపోతుంటే, కొల్లేటి పిట్టల్ని గడగడలాడించిన మనిషి ఒక్కదాన్నీ తోలలేదు.

మూడోరోజు పొద్దున పాల పాకెట్లు పంచే పడవలో చోటు దొరికింది. గట్టు కనబడలేదు. పాక కప్పు, దాని కింద పై వరస బస్తాలు మాత్రం నీళ్ల పైన ఉన్నాయి. తాడు అందినంత ఎత్తున, బస్తాల మీద కానిస్టేబుల్. మెడ చుట్టూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. దాన్ని ఆనుకుని సంచమ్మ. కొల్లేరంతా తెరిచి ఉన్నా అది ఎక్కడికీ పోలేదు. చుట్టూ చేప ముళ్లు, పొలుసులు.

ఆయన చూస్తుండగానే సంచమ్మ నీళ్లలోకి దిగి, ఆసామి చెరువులోంచి తప్పించుకున్న బొచ్చె చేపపిల్లని సంచిలో వేసుకుని పైకొచ్చింది. అది మింగేలోపే కానిస్టేబుల్ సంచిలో మూతి దూర్చి చేపని లాగేసుకుంది. సంచమ్మ బాగున్న రెక్కతో దాని నెత్తిన ఒక్కటిచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగింది. మూడు రోజులూ ఇదే కాపురం కాబోలు.

"ముప్పై ఏళ్లు తోలాను వీటిని" అన్నాడట తాత, ఎవరితోనో తెలీకుండా. ముడి కొయ్యబోతే మూడుసార్లు కత్తి జారింది. వదిలాక కానిస్టేబుల్ ఆయన చెయ్యి నాకలేదు. పడవ అవతలి కొసకి పోయి, అప్పటికే ఎక్కేసిన సంచమ్మ పక్కన కూర్చుంది.

ఇంతవరకూ రాసి తాతకి చదివి వినిపించాను. వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండా విన్నాడు.

"బాగుందా తాతయ్యా?"

"నీ సైబీరియా ఎవడిక్కావాలే? దాన్ని కట్టేసింది నేను. అది ముందు రాయి."