ఏడో అన్న

శోభ టీచర్ ఏడో తరగతికి ఇంగ్లిషు చెప్పే పద్ధతి చూసి తోటి టీచర్లు నవ్వుకునేవాళ్లు. పుస్తకంలో జానపద కథ పాఠం వచ్చిందంటే చాలు, పిల్లల చేత వాళ్ల ఇళ్లలో చెప్పుకునే కథలు ఇంగ్లిషులో చెప్పించేది. అంతవరకు బాగానే ఉంది. కానీ ముందు ఒక ప్రశ్న అడిగేది. "ఇయ్యాల మీ ఇంట్ల ఎవలన్న బాయిల ఉన్నరా?" చేతులెత్తినవాళ్లు ఆ రోజు వినాలే తప్ప చెప్పకూడదు. నాన్నల షిఫ్టు మారాకే వాళ్ల వంతు. "హాజరు బడిదా, బొగ్గుబాయిదా?" అని హెడ్మాస్టరు ఎకసెక్కం చేసేవాడు. ఏళ్లు గడిచి తెలంగాణ వచ్చిన సంవత్సరం కూడా ఆమె ఆ ప్రశ్న మానలేదు. ఇదేం నమ్మకమని ఎవరైనా అడిగితే మాట మార్చేసేది.

గోదావరిఖనిలో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఆమెకు ఇవేవీ లేవు. అప్పట్లో కథ పాఠమంటే బోర్డు మీద థీమ్ రాయడమే. ఐకమత్యమో, నిజాయితీయో రాసేస్తే, పిల్లలు దించుకుంటే పని అయిపోయినట్టు. కథ ఆమెకు చెరకుగడ. రసం తీసుకుని పిప్పి పారేయడమే.

ఆ క్లాసులో రజిత అనే పిల్ల ఉండేది. ఎంత అడిగినా కథ చెప్పేది కాదు. "మా అవ్వ పగటీలి చెప్పద్దంటది టీచర్. మా బాపు బాయిల ఉన్నడు" అనేది. ఇంటి మనిషి భూమి లోపల ఉండగా పగటిపూట కథ చెబితే అతను దారి తప్పుతాడని, మొదలుపెట్టి సగంలో ఆపితే ఇంకా కీడని వాళ్ల నాయనమ్మ ఐలవ్వ నమ్మకం. శోభకు ఒళ్లు మండింది. చదువుకునే పిల్లకు ఈ మూఢనమ్మకాలేమిటని, అందరి ముందూ నిలబెట్టి చెప్పించింది.

రజిత వచ్చీరాని ఇంగ్లిషులో మొదలుపెట్టింది. ఏడుగురు అన్నలు తేనె కోసం గుట్టలోని గుహలోకి దిగారు. చెల్లెలు గుహ వాకిట కూర్చుని తాడు కొస పట్టుకుంది. ఆకలైనా, వాన కొట్టినా, చుట్టాలు పిలిచినా వదల్లేదు. ఆ తాడు పట్టుకుని ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆరుగురు వచ్చేసరికి పీరియడ్ అయిపోవచ్చింది. "చాలు, థీమ్ అర్థమైంది" అంటూ శోభ సుద్దముక్క అందుకుని బోర్డు మీద ఓర్పు అని ఇంగ్లిషులో రాసింది.

"సెవెంత్ బ్రదర్ ఈజ్ ఇన్‌సైడ్, టీచర్" అంది రజిత. తప్పు లేకుండా ఆ పిల్ల ఇంగ్లిషులో చెప్పిన మొదటి మాట అదే.

"రేపు తీద్దాంలే బయటికి" అంది శోభ. పిల్లలంతా నవ్వారు. గంట కొట్టారు.

ఆ మధ్యాహ్నం, డ్యూటీ దిగే వేళ కాకముందే, బాయిలో పైకప్పు బండ కూలింది. అక్కడ పనిచేస్తున్నవాళ్లంతా బయటపడ్డారు, రజిత తండ్రి పోశం తప్ప.

పోశం దినాలు అయిపోయాయి. రజిత బడికి రాలేదు. కథకూ బండకూ సంబంధం లేదని శోభకు తెలుసు. తెలిసినా అన్నం సయించలేదు. ఆ పిల్ల ఏమనుకుంటూ కూర్చుందోనన్న ఆలోచనే ఆమెను తినేసింది. ఒక ఆదివారం వాళ్ల క్వార్టర్‌కు వెళ్లింది.

తల్లి చాప మీద అటు తిరిగి పడుకుని ఉంది. రజిత గోడకు ఆనుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "బాపును తెచ్చిన కాడికెల్లి గిట్లనే ఉన్నది టీచరమ్మా" అంది ఐలవ్వ. "మాట లేదు, ఏడుపు లేదు. ఏమైందో ఎరుకలేదు."

శోభ అక్కడే కూలబడింది. "నాకెరుక అవ్వా. ఆ పొద్దు బడిల పిల్లతోని కథ నేనే చెప్పిచ్చిన. ఆరుగురు అన్నలు బయటికి అచ్చినంక సగంల నేనే ఆపిన. పిల్ల తప్పేం లేదు. తిడితే నన్ను తిట్టు."

తిట్టినా బాగుండునని శోభకు అనిపించింది. ముసలామె తిట్టలేదు. మనవరాలి పక్కకు జరిగి, ఆ చేతులు రెండూ కిందికి దించి, "ఆరుగురు అచ్చిన్రు బిడ్డా. ఇగ ఏడోవాడు..." అని మొదలుపెట్టింది.

రజిత ఉలిక్కిపడి నాయనమ్మ నోరు మూసింది. వాకిట్లో ఎండ ఫెళ్లున కాస్తోంది. "వద్దవ్వా, పగలు!" అంది. ఇన్నాళ్లకు ఆ పిల్ల నోట వచ్చిన మాట అది.

ఐలవ్వ ఆ చెయ్యి మెల్లగా తీసింది.

"ఇగ మనింట్ల ఎవలు బాయిల లేరు బిడ్డా. ఎప్పుడన్న చెప్పుకోవచ్చు."

రజిత నాయనమ్మ ఒడిలో పడి బావురుమంది. చాప మీది తల్లి ఇటు తిరిగింది. చాలాసేపటికి, వెక్కుతూనే, మిగిలిన కథ రజితే చెప్పింది. తాడు కదిలింది. చెల్లెలు లాగింది. ఏడో అన్న బయటికి వచ్చాడు.