సమతలం మీద కాక చేసిన పని

మొన్న మా అక్క మనవడు సెలవులకు వచ్చి, నా మంచం మీద బోర్లా పడుకుని భౌతికశాస్త్రం లెక్కలు చేసుకుంటుంటే, కళ్ళజోడు సవరించుకుని ఊరికే తొంగిచూశాను. చూడకపోయినా బాగుండేది. ఒక వ్యక్తి తలపై బరువు పెట్టుకుని సమతలం మీద కొంత దూరం నడిచాడట, అతడు చేసిన పని ఎంత అని రంగుల బొమ్మతో సహా అడిగారు. మా కాలంలో ఆ మనిషిని కూలివాడు అని రాసేవారు. ఈ నలభై ఏళ్ళలో ఎవరో పెద్దమనసు చేసుకుని కూలివాణ్ణి వ్యక్తిగా మార్చారు గానీ జవాబును మాత్రం ముట్టుకోలేదు. మావాడు కలం కూడా ఆపకుండా సున్నా అని రాసి పేజీ తిప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పసివాడి మీద ఏం అరుస్తాం, చాయ్ పెట్టుకునే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ మంట ఎందుకో వాడికి చెప్పలేను గానీ, నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది షాద్‌నగర్. స్టేషను నుంచి గంజికి, అంటే ధాన్యం మార్కెట్టుకు, పోయే దారిలో మా నాయిన కిరాణా దుకాణం, దాని వెనక ధాన్యం కొట్టు. అటు ఇటు మా పెదనాయినలవీ మేనమామలవీ దుకాణాలే కాబట్టి, నేను మాటలు నేర్చుకోవడం కంటే ముందు బేరం నేర్చుకున్నానని మా అవ్వ అనేది. మొదటిరోజు బడికి పొమ్మంటే సగం పూటకు ఒప్పందం కుదుర్చుకుని మరీ వెళ్ళానట. అబద్ధమని అనను. ఇప్పటికీ డాక్టరు మూడు పూటల మాత్రలు రాస్తే రెండు పూటలకు దించమని అడగందే నేను లేవను.

అటువంటిదాన్ని పదో తరగతిలో భౌతికశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి మొదటిసారి బేరం కుదరని అంగట్లోకి వచ్చి పడ్డాను. ఆ పుస్తకంలో మాటలన్నీ మన మాటల్లాగే కనిపించేవి, లోపల సరుకు మాత్రం వేరే. ద్రవ్యరాశి అని చదవగానే డబ్బుల కుప్ప అనుకుని నేను ఎంతో ఇష్టంగా ఆ పాఠం మొదలుపెట్టాను, గల్లాపెట్టె ముందు కూర్చున్న నాయిన కూడా చెవి ఇటు వేశాడు, తీరా అది రాయికీ రప్పకూ కూడా ఉంటుందని తేలాక ఇద్దరం ఒకేసారి నీరుగారిపోయాం. వాయు పీడనం అని నేను గట్టిగా వల్లెవేస్తుంటే అవ్వ పక్క గదిలోంచి, మోకాళ్ళకు నువ్వుల నూనె రాయమని కేకేసింది. నీళ్ళ లెక్కల్లో తొట్టెలు ఎప్పుడూ నిండుగా ఉండేవి, మా వీధి పంపులో మాత్రం బొట్టు రాలేది కాదు. ఘర్షణను ఉపేక్షించుము, గాలి నిరోధము లేదనుకొనుము అని ప్రతి లెక్క కిందా ఒక మాఫీ. లోకంలో కష్టమంతా దేనివల్ల వస్తోందో దాన్నే లేదనుకోమంటే ఇక లెక్క ఎందుకని నాకు ఉక్రోషంగా ఉండేది. అయినా అవన్నీ నవ్వుకుని మర్చిపోయే సంగతులే. మర్చిపోలేనిది ఒక్కటే.

మా కొట్టులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఉండేవాడు. మేమంతా బాబాయి వరస కలిపి కాక అని పిలిచేవాళ్ళం. స్టేషను గూడ్సు షెడ్డు నుంచి మా కొట్టు దాకా దారి చదునుగా ఉండేది, బండి దొరకని రోజుల్లో ఆయన క్వింటాలు బస్తాను నెత్తిన పెట్టుకుని, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండగా, ఆ దారంతా కళ్ళు నేలమీదికి దించకుండా నడిచి వచ్చేవాడు. ఆయన బిడ్డ నా క్లాసే, నా బెంచీయే. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చినది తనొక్కతే. బిడ్డ పది పాసయితే నర్సు ట్రైనింగుకు పంపుతానని కాక కనిపించిన ప్రతివాళ్ళతో చెప్పుకునేవాడు, చెప్పుకుంటున్నప్పుడు ఆయన వయసు తగ్గినట్టుండేది. ఆ పిల్ల లెక్కల్లో నాకంటే చురుకు. నేను జవాబు ఎంత ఉంటే బాగుంటుందో ఆలోచిస్తుండగానే తను ఎంత ఉందో చెప్పేసేది.

మా సైన్సు సారు ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టినా పుస్తకాల తెలుగును మా అందరికంటే స్పష్టంగా చదివేవాడు. చాలా మంచివాడు, ఈ కథలో ఆయన తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. పని అనే పాఠంలో ఆయన ఆ లెక్క ఇచ్చాడు: కూలివాడి తలపై యాభై కిలోల బరువు, ఇరవై మీటర్ల సమతలం. కాక బిడ్డ అందరికంటే ముందు లేచి నిలబడి, తొమ్మిది వేల ఎనిమిది వందల జౌళ్ళు అని చెప్పింది. ఆ చెప్పడంలో మా బాపు అయితే దీనికి రెండింతలు మోస్తాడన్న గర్వం కూడా ఉంది, పక్కన కూర్చున్న నాకు తెలుసు. సారు తల అడ్డంగా ఊపి, బలం పైకి ఉంది, నడక అడ్డంగా ఉంది, మధ్యన తొంభై డిగ్రీల కోణం, కాబట్టి కూలివాడు చేసిన పని సున్నా అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

వెనక బెంచీల్లోంచి ఒకడు మెల్లగా అందుకున్నాడు.

"అయితే మీ బాపు పొద్దుందాక జేసేది సున్నానేనానే?"

"ఈళ్ళ దుకాణపోళ్ళకు ఎరుకలేక పనికి పిలుస్తుండ్రురా, పాపం," అని ఇంకొకడు నా వైపు చూసి అన్నాడు.

క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రానికి ఆమె పేరు సున్నా అయింది. మర్నాడు ఆమె రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఇంట్లో తలనొప్పి అని చెప్పి, నాలుగు రోజులకు అదీ మానేసి, వాళ్ళమ్మతో పాటు పత్తి ఏరడానికి పోతోందని తెలిసింది. హాజరు ఇంకా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరని పెద్దసారు అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు. నేను చేనుకాడికి పోయి అడిగితే, కొంగులో పత్తి దోపుకుంటూనే జవాబిచ్చింది.

"గీ పనైతే సున్నా గాదు గదే. తక్కెట్ల జోకితే కనవడ్తది."

నాకు కోపం వస్తే ఏడుపు రాదు, బేరం వస్తుంది. తిన్నగా స్టాఫ్‌రూముకు పోయి సారు ముందు నిలబడ్డాను. బేరంలో మొదట ఎక్కువ అడగాలి కాబట్టి, ఆ లెక్కను పుస్తకంలోంచి తీసేయాలని అడిగాను. సారు చాయ్ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"పుస్తకం సర్కారుది బేటా, నా జాగీరు గాదు."

అయితే దాన్ని పని అనకండి, ఇంకేదైనా పేరు పెట్టుకోండి, పని మా మాట అన్నాను.

"ఉర్దూ మీడియంల గూడ గంతే. ఆడ కామ్ అంటరు. కామ్ సిఫర్. జర సోచాయించు, నేనేం జెయ్యాలె?"

అప్పుడు నా అసలు ధర బయటపెట్టాను. బస్తా తలమీదికి దానంతట అదే రాదు కదా సార్, ఎవరో ఎత్తాలి కదా, ఎత్తినప్పుడు పని ఉందా లేదా? ఉందన్నాడు. ఉంటే మరి లెక్క బస్తా నెత్తిమీదికి వచ్చాక ఎందుకు మొదలవుతుంది, కష్టమంతా అయిపోయాక తక్కెడ పట్టుకోవడం ఏం న్యాయం అన్నాను. సారు చాలాసేపు నవ్వాడు, కానీ వెక్కిరింపుగా కాదు. మర్నాడు క్లాసులో బోర్డు మీద ఒక హమాలీ బొమ్మ గీసి, బస్తాను నేలనుంచి తలదాకా ఎత్తినప్పుడు ఎంత పని జరిగిందో లెక్కకట్టి చూపించి, ఆ మాటలన్న మగపిల్లలిద్దరి చేతా దాన్ని పదిసార్లు రాయించాడు. సర్కారు పుస్తకం మెడలు వంచిన దానిలా నేను ఆ సాయంత్రం కాక ఇంటికి పరుగెత్తాను. అంత గర్వం నాకు ఆ తర్వాత ఎన్ని చీరలు బేరమాడినా రాలేదు.

ఆమె పూర్తిగా విని, నా నోట్సు నాకే తిరిగి ఇచ్చేసింది.

"ఎత్తేది మా బాపు గాదే. ఇద్దరు ఎత్తి నెత్తిమీద పెడ్తరు. కొట్టుకాడ ఇంకిద్దరు దించుతరు. మా బాపు నడుసుడే నడుస్తడు."

నిజమే. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. క్వింటాలు బస్తాను ఒక్కడే నెత్తికి ఎత్తుకోవడం ఎవరివల్లా కాదు, ఇద్దరు చెరోవైపు పట్టి పైకి లేపితే మోసేవాడు కిందికి దూరి తల ఆనిస్తాడు. నేను అంత కష్టపడి సంపాదించిన జౌళ్ళన్నీ ఆ ఎత్తినవాళ్ళ ఖాతాలోకి పోయాయి, కాకకు మిగిలింది మళ్ళీ ఆ సున్నానే. జీవితంలో అంత ఘోరంగా మోసపోయిన బేరం నాకు ఇంకొకటి లేదు.

ఇంతలోనే కాక వచ్చి, నెత్తిమీది చుట్టబట్ట తీసి దులిపి, ఏమైందని అడిగాడు. నేనే చెప్పాను. కోపంతో చెప్పాను కాబట్టి కొంచెం ఎక్కువగానే చెప్పి ఉంటాను. ఆయన కూడా కోపం తెచ్చుకుంటాడనీ, బడికి వచ్చి ఒక మాట అడుగుతాడనీ నా ఆశ. ఆయన మాత్రం పుస్తకం చూపించమన్నాడు. చదువు రాదు, నేను చదువుతుంటే ఆ వరస కింద వేలు పెట్టాడు.

"గిదేనా? అచ్చయి ఉన్నదా?"

ఉందన్నాను.

"అచ్చుల ఉన్నంక నిజమే ఉంటది. చదువుకున్నోళ్ళు ఉత్తగ రాస్తరా," అని బిడ్డ వైపు తిరిగాడు. "దీనికేనా బడి బంజేసినవు? సున్నా రాయి బిడ్డా."

"నేను రాయ బాపు."

"రాయి. నాకేం తక్కువైతది? పాసుగావాలె, గంతే."

ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మర్నాడు పొద్దున ఆమె బెంచీలో నా పక్కన ఉంది. సున్నా అని పిలిచినవాళ్ళకు పలకనూ లేదు, తిట్టనూ లేదు.

పరీక్షల్లో ఆ ప్రశ్న రాదులే అనుకున్నాను. బిట్ పేపర్లో ఖాళీలు పూరింపుము కింద నిక్షేపంలా వచ్చింది. నేను చాలాసేపు ఆ గీతను చూస్తూ, కోపంతో దాన్ని ఖాళీగానే వదిలేశాను, ఒక్క మార్కు పోతే మా దుకాణానికి వచ్చే నష్టం ఏమీ లేదు కదా. ఆమెకు ఆ వీలు లేదు. హాలు బయట కాక గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ రోజు పనికి పోలేదు.

"గా ప్రశ్న వచ్చిందా?"

"వచ్చింది."

"సున్నా రాసినవా?"

"రాసిన బాపు."

ఆయన ముఖం విప్పారింది. ఎవరో తనను మెచ్చుకున్నట్టు, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు ఒకసారి చూసుకుని, బిడ్డ చేతిలోంచి పరీక్ష అట్ట తీసుకుని తన చంకలో పెట్టుకున్నాడు.

ఆమె పాసయింది, నర్సయింది, పాలమూరు దవాఖానలో చాలా ఏళ్ళు చేసింది. చివరి రోజుల్లో కాక మెడ ఒకపక్కకు వంగిపోతే ఆమే దగ్గర పెట్టుకుని చూసుకుంది. ఇప్పుడు గంజి ఊరి బయటికి పోయింది, బస్తాలు బెల్టు మీద ఎక్కి లారీల్లో పడుతున్నాయి, ఆ చదును దారి పొడుగునా సెల్‌ఫోన్ల షాపులు. ఎప్పుడైనా నేను ఈ మాట ఎత్తితే ఆమె నవ్వి, "ఇంక గదే పట్టుకొని ఉన్నవా? ఊకోవే," అంటుంది.

ఊరుకోలేకపోతున్నాను. శాస్త్రం తప్పని అనడం లేదు, ఆ కోణం సంగతి నాకూ అర్థమయింది. కానీ ఇప్పటి పిల్లలకు పుస్తకంలో పని వేరు, ఇంట్లో పని వేరు, రెండింటికీ చుట్టరికం లేదని ముందే తెలుసు. అందుకే వాళ్ళు సున్నా రాసి పేజీ తిప్పేస్తారు, ఎవరూ చిన్నబోరు, ఎవరూ చేనుకాడికి పారిపోరు. బహుశా అదే మంచిదేమో. మేము అలా కాదు. అచ్చులో ఏది కనిపించినా అది మా గురించే చెబుతోందనుకున్నాం, అందుకే దానితో పోట్లాడాం, దానికి ఏడ్చాం. అందరిలోకీ దాన్ని ఎక్కువగా నమ్మినవాడు కాక.