విమల టీచరు పిలిస్తే పెనుమూడి దాకా

బాపట్లలో పిన్ని ఇంట్లో ఇడ్లీ తింటుంటే, బడిలో నాకు చదువు చెప్పిన విమల టీచరు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి మా ప్రసన్నకు చెప్పవే అన్నారు. చెయ్యి కడుక్కుని తెనాలి రైలెక్కేశాను. టీచరు తల్లి, అక్క రొమ్ము క్యాన్సరుతోనే పోయారు. ఇప్పుడు ఆవిడకీ వచ్చింది. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే ఒక ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువులో లోపం ఉందని పరీక్షలో తేలింది. అదే లోపం తనకూ ఉందేమో చూపించుకోమంటే కూతురు ప్రసన్న ససేమిరా అంటోంది. హైదరాబాదులో నా పరిశోధన ఆ ప్రోటీన్ మీదే కాబట్టి నా మాట వింటుందని టీచరు ఆశ.

తెనాలిలో రేపల్లె బండికి మారాలి. ఒకప్పుడు టీచరూ నేనూ రోజూ ఇందులోనే బడికి వెళ్లేవాళ్లం. సీజన్ టికెట్ల వాళ్లు రుమాళ్లు వేసి తమవాళ్లకు సీట్లు ఆపేవారు. మనిషి ఏం పని చేస్తాడో తెలియాలంటే ఎవరికి సీటు ఆపుతున్నాడో చూడమనేవారు టీచరు. పాలవాళ్లకు పాలవాళ్లు, గుమాస్తాలకు గుమాస్తాలు. ల్యాబులో నేను చేసేదీ అంతే. ప్రోటీన్‌ను కణంలోంచి పట్టి లాగితే అంటిపెట్టుకున్నవీ వెంట వస్తాయి. వాటిని ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటరు అనే మిషన్‌లో పెడితే, ముక్కల బరువును బట్టి అవేమిటో తెలుస్తుంది. తోడెవరో తెలిస్తే పనేమిటో ఊహించవచ్చు. టీచరుతో ఆ రైలు రోజులు తలచుకుంటే దిగులేసింది.

రేపల్లె నుంచి టీచరు ఊరు పెనుమూడికి షేర్ ఆటో దొరుకుతుంది. కృష్ణ వంతెన దాకానా అక్కా అని అడిగిన డ్రైవరు, టీచరు పేరు చెప్పగానే గుమ్మం ముందే దించాడు. టీచరు ప్రార్థన చేసి రొయ్యల ఇగురు వడ్డించారు. మనిషి సగమయ్యారు.

భోజనాలయ్యాక పెరట్లో నా మిషన్ గొప్పలన్నీ చెప్పాను. ప్రసన్న ఓపిగ్గా విని, నాకు జబ్బు వస్తుందో రాదో అది చెబుతుందా అంది. చెప్పదని ఒప్పుకున్నాను. లోపం ఉందో లేదో చూసే రక్తపరీక్ష వేరు, ఉన్నా జబ్బు వచ్చి తీరాలని లేదు, ముందే జాగ్రత్తపడవచ్చు అన్నాను.

"నా భయం అది కాదక్కా. నాకూ ఉందని తేలితే అమ్మ తనవల్లే అనుకుంటుంది. ఇప్పుడామెకు అదొకటా?"

టీచరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"నా ముక్కు నీకిచ్చా, నా మొండితనం ఇచ్చా. ఇదీ ఇచ్చుంటే నేనుండగానే తెలియనీ అమ్మా. పక్కన కూర్చుంటా."

ప్రసన్న చాలాసేపు ఏడ్చింది. మర్నాడు ముగ్గురం గుంటూరు వెళ్లాం. సూది గుచ్చేటప్పుడు ప్రసన్న కళ్లు మూసుకుంది, టీచరు మూసుకోలేదు.

ఫలితం ఇంకా రాలేదు. ఇన్నేళ్లు ఆ ప్రోటీన్ తోడు ఎవరెవరో వెతికాను గానీ, అది పాడైన ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎలా కాచుకుంటారో ఆ పెరట్లోనే చూశాను. మీ ఇంట్లోనూ ఒకే జబ్బు ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే జన్యు పరీక్ష సంగతి డాక్టరును అడగండి. వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి.