నాలుగో ముఖం

శాసనాల అచ్చులు తీసే ఆవిడను ఆఫీసులో అందరూ కాగితాలక్క అంటారు. తడి కాగితాన్ని రాతికి అంటించి, గట్టి బ్రష్షుతో మోది, కాస్త ఆరాక సిరా అద్దితే, కంటికీ కెమెరాకూ అందని అక్షరాలు కూడా తెల్లగా తేలతాయి. "నీకు నాకంటే ఆ రాళ్లే ఎక్కువ" అని మొగుడు దెప్పుతుంటాడు. "అవి ఎదురు మాట్లాడవు మరి" అంటుంది ఆవిడ.

మ్యూజియానికి నాలుగు పలకల రాతి స్తంభం ఒకటి వచ్చింది. నాలుగు వైపులా రాతే. కాగితమంతా తన సొంత ఆస్తి అనుకునే స్టోరు కీపరు మాత్రం మూడే ఇచ్చాడు.

"నాలుగు ముఖాలు కదండీ!"

"ఇంకోటి సరుకొచ్చాక ఇస్తాలే. రాయి ఎక్కడికి పోతుందక్కా?"

చేసేదేం లేక ఆవిడ మూడు వైపులా అచ్చు తీసింది. పొలం ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, సాక్షులెవరు, అన్నీ దొరికాయి. మూడో ముఖం చివర "ఇది జరిగిన సంవత్సరం" అని ఉంది. అంకె నాలుగో ముఖం మీదికి పోయింది. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఎప్పటిదో తేలకపోతే ఆ రాతి సాక్ష్యం సగం సాక్ష్యమే.

మర్నాడు స్టోరు కీపరుతో పోట్లాడి కాగితం సాధించి, పరుగున హాల్లోకి వెళ్లింది. స్తంభం, నాలుగో ముఖం గోడవైపుగా, సిమెంటుతో అతుక్కుని నిలబడి ఉంది. తాపీమేస్త్రి చేతులు కడుక్కుంటున్నాడు.

"ఎవరు పెట్టమన్నారయ్యా దీన్ని ఇక్కడ?"

"పెద్దసారేనమ్మా. అరిగిపోయిన వైపు గోడకి పెట్టమన్నారు."

"తీసెయ్. ఇంకా పచ్చిగానే ఉందిగా, తీసెయ్!"

"తీసినా ఏముంటుందమ్మా? నున్నటి రాయికి సిమెంటు పట్టదుగా. అందుకని ఆ వైపంతా ఉలితో గాట్లు పెట్టేశా. ఇక వందేళ్లయినా కదలదు" అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ.

వాడి పని వాడు శుభ్రంగా చేశాడు, అదే ఆవిడ ఒళ్లు మండించింది. పెద్దసారు దగ్గరికి వెళ్తే ఆయన తల కూడా ఎత్తలేదు. "మూడు వైపులా కనబడుతోందిగా, ఇంకేం కావాలమ్మా?"

హాలు తెరిచే రోజు బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. "తప్పులున్నాయేమో ఒకసారి చూడండక్కా" అంటూ బోర్డు ముందు పెట్టాడు. చివరి వరుసలో "కాలం: తెలియదు" అని ఉంది.

"ఉంది, తప్పు" అందావిడ. "తెలియదు కొట్టేసి, మేమే చెరిపేశాం అని రాయి."

పెయింటరు నవ్వి, బోర్డు తీసుకెళ్లి మేకుకు తగిలించాడు.