లోడరు నడుంలో గ్రీజు

క్వారీలో అతన్ని అందరూ జిడ్డు మేస్త్రి అంటారు. చేతుల జిడ్డుకు వచ్చిన పేరో, పట్టిన బోల్టును ఒక పట్టాన వదలని గుణానికి వచ్చిన పేరో, పెట్టినవాళ్లకే తెలియదు. పొద్దున్నే బండ్లన్నిటినీ ఒక చుట్టు చుట్టి రానిదే టీ గ్లాసు ముట్టడు. టైర్లు తడతాడు, గొట్టాలు తడుముతాడు, నూనె కారిందేమోనని నేల మీదికి వంగి చూస్తాడు. చుట్టాలింటికి వెళ్లినా ముందు వాళ్ల ఫ్యాను చప్పుడు విని, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడని అతని అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది.

అలాంటి మనిషి ఈ ఏడాది తనిఖీకి ముందు ఒక తప్పుడు పని చేశాడు.

రాళ్లు ఎత్తిపోసే పాత లోడరు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలుపుతూ మధ్యలో ఒక లావుపాటి పిన్ను ఉంటుంది. బండి తిరగాలంటే ఆ నడుం దగ్గరే వంగాలి. ఆ పిన్ను అరిగిపోయింది. బకెట్టును నేలకు నొక్కి ముందు చక్రాలు లేపితే కీలు లొటలొటలాడుతోంది. కొత్తది వేద్దామంటే ఆ మోడలు తయారీయే ఆగిపోయింది. తనిఖీలో తప్పితే బండి తుక్కు కిందకు పోతుంది. దాన్ని నడిపేది బావ, అక్క మొగుడు. యాభై దాటిన మనిషికి ఇంకో బండి ఎవరిస్తారు? అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లోడరు మీదే.

మేస్త్రి చిక్కటి గ్రీజు తెచ్చి కీలు నిండా కుక్కాడు. అది గట్టిగా ఉన్నంతసేపు కీలు ఊగడం బయటపడదు. ఇలాంటి పని చేసే మెకానిక్కుల్ని ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు తిట్టినవాడు తనే. ఇన్‌స్పెక్టరు చక్రాలు లేపించి చూశాడు, బాగుందన్నాడు.

బాగుందనడమే కొంప ముంచింది. అంతవరకు చదును నేల మీద తిరిగే బండిని మేనేజరు కొండ మీది వాలు దారికి వేశాడు. వాలులో రాళ్ల బరువుతో ఆ పిన్ను విరిగితే బండి నడుం దగ్గర మడతపడి బోల్తా కొడుతుంది. సాయంత్రం బండి దిగిన బావను మేస్త్రి షెడ్డు వెనక్కి తీసుకెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

"రేపు ఎక్కకు బావా. నేనే వెళ్లి మేనేజరుకి నిజం చెప్పేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ."

బావ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నీది పోతే నాది మాత్రం ఉంటుందా? ఆ పిన్ను సంగతి నాకు స్టీరింగు పట్టుకున్నప్పుడే తెలిసిందిరా."

"తెలిసీ ఎక్కుతున్నావా?"

"ఎక్కక, ఇంట్లో కూర్చుని మీ అక్క ముఖం చూడమంటావా?"

మేస్త్రికి ఏడుపొచ్చింది. బావ తిడితే బాగుండు, చెంప పగలగొడితే ఇంకా బాగుండు అనుకున్నాడు. బావ ఆ రెండూ చెయ్యలేదు. భుజం మీద చెయ్యేశాడు.

"మీ అక్కతో మాత్రం అనకు. పొద్దున్నే వచ్చి ఇంకాస్త గ్రీజు కొట్టు, చాలు."

మర్నాడు మేస్త్రి అందరికంటే ముందొచ్చి, గ్రీజు గన్ను పట్టుకుని ఆ బండి కిందికి దూరాడు. బావ పైకెక్కి సీట్లో కూర్చున్నాడు.

"అయిందా?"

"అయింది బావా, వెళ్లు," అని మేస్త్రి తన నోటితోనే అన్నాడు.